సర్వర్ డౌన్ అంటే అసలు ఏది డౌన్? సర్వర్ ఓఎస్, నెట్‌వర్క్ బేసిక్స్ ఒకే దారిలో

అమీర్‌పేట్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ సీసీఎన్ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ కోర్సు) చెప్తుంది, పక్క బిల్డింగ్‌లో ఇంకొకరు లైనక్స్ చెప్తారు, పై ఫ్లోర్‌లో విండోస్ సర్వర్ బ్యాచ్ నడుస్తుంది, ఇప్పుడు వీటన్నిటి పైన క్లౌడ్, డెవాప్స్ బోర్డులు. ఇవన్నీ నేర్చుకుని జాబ్‌లో చేరినవాళ్లు కూడా "సార్, సైట్ ఓపెన్ అవ్వట్లేదు" అని ఒక టికెట్ వస్తే ఎక్కడ్నుంచి మొదలుపెట్టాలో అర్థంకాక ముందు సర్వర్ రీస్టార్ట్ కొట్టేస్తారు. తెలివి లేక కాదు, కష్టపడక కాదు. సర్వర్‌ని ఒక సబ్జెక్టుగా, నెట్‌వర్క్‌ని ఇంకో సబ్జెక్టుగా నేర్పించారు గానీ, యూజర్ ఫోన్‌లో నొక్కిన దగ్గర్నుంచి సర్వర్ తన డిస్క్ మీద ఫైల్ చదివి తిరిగి పంపేదాకా అదంతా ఒకటే దారి అనీ, ఆ దారి ఎక్కడ తెగితే అక్కడి గుర్తు వేరేగా ఉంటుందనీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఇక్కడ ఆ దారి వెంట మొదటి నుంచి చివరిదాకా వెళ్దాం, కమాండ్లు అవసరమైన చోట అవే వస్తాయి.

ఇంటర్ రిజల్ట్స్ రోజు తీసుకోండి. 11 గంటలకి రిలీజ్ అంటే పది నిమిషాల ముందు నుంచే లక్షల మంది పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, దుబాయ్‌లో ఉన్న బాబాయ్, అందరూ అదే పేజీని రిఫ్రెష్ చేస్తుంటారు. ఒకరికి అడ్రసే దొరకలేదని వస్తుంది, ఇంకొకరికి చక్రం తిరుగుతూనే ఉంటుంది, మరొకరికి తెల్ల పేజీ మీద 502 బ్యాడ్ గేట్‌వే అని వస్తుంది, పక్కింటి అబ్బాయికి మాత్రం మార్కులు వచ్చేస్తాయి. అందరూ అనేది ఒకటే మాట, సర్వర్ డౌన్. కానీ ఈ నాలుగూ నాలుగు వేరే చోట్ల జరిగినవి, అందులో ఒక్కదానికి అసలు సర్వర్‌తో సంబంధమే లేదు.

అడ్రస్ దొరకలేదు అంటే ఆగింది డీఎన్ఎస్ దగ్గర. మనం టైప్ చేసేది పేరు, కంప్యూటర్లు మాట్లాడుకునేది నంబర్‌తో, ఆ నంబరే ఐపీ అడ్రస్, ఆ పేరుకి ఏ నంబరో చెప్పేదే డీఎన్ఎస్. 1983కి ముందు ఇంటర్నెట్‌లో ఉన్న మెషీన్ల పేర్లన్నీ ఒకే ఒక్క టెక్స్ట్ ఫైల్‌లో ఉండేవి, దాన్ని కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మెయింటెయిన్ చేసేవాళ్లు, మిగతావాళ్లు కాపీ తెచ్చుకునేవాళ్లు. మెషీన్లు పెరిగేసరికి అది నడవలేదు, అప్పుడు పాల్ మోకపెట్రిస్ డీఎన్ఎస్ డిజైన్ చేశారు. పేర్లన్నీ ఒకరి దగ్గర పెట్టకుండా ఎవరి భాగం వాళ్లే చూసుకునేలా పంచేశారు. మీ ఫోన్ మీ ఇంటర్నెట్ కంపెనీ రిజాల్వర్‌ని, అంటే పేర్లు వెతికిపెట్టే సర్వర్‌ని, అడుగుతుంది, దానికి తెలియకపోతే అది రూట్ సర్వర్ని అడుగుతుంది, రూట్ సర్వర్ "డాట్ ఇన్ వాళ్లని అడుగు" అంటుంది, వాళ్లు "ఆ డొమైన్ వాళ్ల నేమ్ సర్వర్ ఇదిగో" అంటారు, చివరికి అక్కడ నంబర్ దొరుకుతుంది. ఇంత తిరుగుడు ప్రతిసారీ తిరగకుండా జవాబుని కొంతసేపు దాచుకుంటారు, ఎంతసేపు అనేది ఆ డొమైన్ ఓనరే టీటీఎల్ అని సెకన్లలో రాసిపెడతాడు.

ఈ టీటీఎల్ దగ్గర చాలామంది దెబ్బతింటారు కాబట్టి కొంచెం ఆగుదాం. సైట్‌ని పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కి మార్చారు, డీఎన్ఎస్‌లో కొత్త ఐపీ పెట్టారు, మీ దగ్గర బానే ఓపెన్ అవుతోంది, విజయవాడలో ఉన్న క్లయింట్ మాత్రం పాత సైటే కనిపిస్తోంది అంటున్నాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. టీటీఎల్ 86400 అని ఉంటే, అంటే ఒక రోజు, మార్చడానికి ఐదు నిమిషాల ముందు అడిగిన రిజాల్వర్ రేపు ఈ టైమ్ దాకా పాత నంబరే చెప్తూ ఉంటుంది. అందుకే మైగ్రేషన్‌కి ఒకటి రెండు రోజుల ముందే టీటీఎల్‌ని 300కి దించి, పాత లెక్క అంతా కాలిపోయాక అప్పుడు ఐపీ మార్చి, అంతా కుదిరాక మళ్లీ పెంచుతారు. మార్చిన తర్వాత టీటీఎల్ తగ్గిస్తే ఏం ఉపయోగం లేదు, పాత జవాబు దాచుకున్నవాళ్లు పాత టీటీఎల్ ప్రకారమే నడుస్తారు. సో ఏ కంప్లైంట్ వచ్చినా మొదటి ప్రశ్న ఇదే, ఈ పేరుకి నంబర్ వస్తోందా, వస్తే సరైన నంబరేనా. విండోస్‌లో ఎన్ఎస్‌లుకప్, లైనక్స్‌లో డిగ్, రెండు సెకన్ల పని.

నంబర్ దొరికింది, ఇప్పుడు ప్యాకెట్, అంటే మనం పంపే డేటా ముక్క, బయల్దేరాలి. మనం ఎక్కువగా చూసే ఐపీవీ4 అడ్రస్ 32 బిట్లు, అంటే మొత్తం సుమారు 429 కోట్ల అడ్రస్‌లు, ప్రపంచానికి ఇవి ఎప్పుడో సరిపోకుండా పోయాయి. అందుకని 1996లో కొన్ని రేంజులు ప్రైవేట్ అని పక్కన పెట్టారు, 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 వరకు, 192.168తో మొదలయ్యేవి. ఇవి ఎవరి ఇంట్లో వాళ్లు, ఎవరి ఆఫీసులో వాళ్లు వాడుకోవచ్చు, బయటికి వెళ్లేటప్పుడు రూటర్ దాన్ని పబ్లిక్ ఐపీగా మార్చి పంపుతుంది, దాన్నే న్యాట్ అంటారు. అసలైన పరిష్కారం 128 బిట్ల ఐపీవీ6, మన దేశంలో మొబైల్ నెట్‌వర్కులు చాలావరకు దానికి మారిపోయాయి, మీ ఫోన్ ఐపీ చూస్తే పొడుగ్గా అక్షరాలూ అంకెలూ కలిసి కనిపించేది అదే. అయినా ఆఫీసు లోపల ఇంకా ఐపీవీ4దే రాజ్యం.

సబ్‌నెట్ మాస్క్ అనగానే స్టూడెంట్లు బైనరీ లెక్కలు వేయడం మొదలుపెడతారు, ఇంటర్వ్యూలో అడుగుతారు కాబట్టి వేయాల్సిందే, కానీ అది ఎందుకు ఉందో ముందు తెలియాలి. మీ కంప్యూటర్ ఒక ప్యాకెట్ పంపే ముందు తనని తాను అడిగే ప్రశ్న ఒక్కటే, ఈ అడ్రస్ నా పక్కనే ఉందా, బయట ఉందా. పక్కనే ఉంటే నేరుగా "ఈ ఐపీ ఎవరిది, నీ మ్యాక్ అడ్రస్ చెప్పు" అని అందరికీ వినిపించేలా అరుస్తుంది, అది ఏఆర్‌పీ, మ్యాక్ అడ్రస్ అంటే నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత నంబర్. బయట ఉంటే గేట్‌వేకి ఇచ్చేస్తుంది, మిగతాది రూటర్ చూసుకుంటుంది. మాస్క్ పని ఆ పక్క, బయట గీత గీయడం, అంతే. 255.255.255.0 పెడితే, అంటే స్లాష్ 24, చుక్కల మధ్య మొదటి మూడు నంబర్లు కలిసినవాళ్లంతా పక్కనున్నట్టు, అందులో మెషీన్లకి ఇవ్వడానికి 254 అడ్రస్‌లు ఉంటాయి. ఇది బుర్రకి ఎక్కితే చాలా ఫాల్ట్‌లు చూడగానే తెలుస్తాయి. ఆఫీసులో ఫైల్ సర్వర్ వస్తోంది, ప్రింటర్ వస్తోంది, బయట సైట్ ఏదీ రావట్లేదు అంటే పక్కనున్నవాళ్లతో మాట బానే నడుస్తోంది, కాబట్టి చూడాల్సింది గేట్‌వేని, లేదా డీఎన్ఎస్‌ని. 8.8.8.8కి (గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్) పింగ్ (ఉన్నావా అని అడిగే ప్యాకెట్) వెళ్తోంది గానీ పేరు పెడితే వెళ్లట్లేదు అంటే గేట్‌వే బానే ఉంది, డీఎన్ఎస్ పోయింది. రెండు పింగ్‌లతో సగం తేలిపోతుంది.

ఇన్ని నంబర్లు ప్రతి కంప్యూటర్‌లో చేత్తో పెట్టలేం కదా, అందుకే డీహెచ్‌సీపీ. కంప్యూటర్ ఆన్ అవ్వగానే "ఇక్కడ ఐపీలు ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా" అని అడుగుతుంది, డీహెచ్‌సీపీ సర్వర్ "ఇది తీసుకో" అంటుంది, "సరే తీసుకుంటున్నా" అని ఇది, "ఖాయం" అని అది. ఐపీతో పాటు మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్ కూడా ఇందులోనే వస్తాయి. విండోస్ మెషీన్‌లో ఐపీ 169.254తో మొదలైందంటే అది అడిగింది, ఎవరూ పలకలేదు, తనకి తానే ఏదో పెట్టుకుంది అని అర్థం. కేబుల్ చూడండి, స్విచ్ పోర్ట్ చూడండి, డీహెచ్‌సీపీ సర్వీస్ నడుస్తోందో చూడండి.

దీనికంటే ఏడిపించేది ఇంకోటి ఉంది. సగం మందికి నెట్ వస్తుంది, సగం మందికి రాదు, మధ్యాహ్నం వచ్చినవాడికి సాయంత్రం రాదు, పొద్దున రానివాడికి రీస్టార్ట్ చేస్తే వస్తుంది. ఇలాంటి తిక్క ఫాల్ట్ చిన్న ఆఫీసుల్లో, కాలేజీల్లో చాలా కామన్, కారణం చాలాసార్లు ఒకటే, ఎవరో వైఫై సిగ్నల్ రావట్లేదని ఇంటి నుంచి పాత రూటర్ తెచ్చి దాని ల్యాన్ పోర్టుని గోడ సాకెట్‌కి తగిలించారు. ఆ రూటర్ కూడా డీహెచ్‌సీపీ ఇస్తుంది. ఇప్పుడు ఐపీలు ఇచ్చేవాళ్లు ఇద్దరు, ముందు ఎవరు పలికితే వాళ్లది తీసుకుంటారు, పాత రూటర్ ఇచ్చిన గేట్‌వే పట్టుకున్నవాళ్లు ఎక్కడికీ వెళ్లలేరు. పట్టుకోవడం ఎలాగంటే, ఫాల్ట్ ఉన్న మెషీన్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టి డీహెచ్‌సీపీ సర్వర్ అనే లైన్ చూడండి, అది మీ సర్వర్ కాకపోతే దొంగ దొరికినట్టే. మేనేజ్డ్ స్విచ్ ఉంటే డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేసి, పలానా పోర్ట్ నుంచి తప్ప ఇంకెక్కడ్నుంచీ ఐపీలు ఇవ్వకూడదు అని కట్టేయొచ్చు. నా ఉద్దేశంలో ప్రతి ఆఫీసులో మొదటిరోజు చేయాల్సిన పని అది.

అందరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండటం ఎంత ప్రమాదమో 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో తెలిసింది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లని లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) పడి హాస్పిటల్ సర్వర్లు లాక్ అయిపోయాయి, రిజిస్ట్రేషన్ దగ్గర్నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా రోజుల తరబడి కాగితాల మీద నడిపారు. ఐదు సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యాయనీ, నెట్‌వర్క్‌ని సరిగ్గా విభజించకపోవడం వల్ల ఇది జరిగిందనీ ప్రభుత్వమే పార్లమెంట్‌లో చెప్పింది. ఆ విభజనకి వాడేదే వీల్యాన్. ఒకే స్విచ్‌ని లోపల లోపలే ముక్కలు చేస్తారు, అకౌంట్స్ వాళ్లది ఒకటి, సీసీటీవీ కెమెరాలది ఒకటి, గెస్ట్ వైఫైది ఒకటి, సర్వర్లది ఒకటి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లాలంటే ఫైర్‌వాల్ (ఏది వెళ్లాలో ఏది ఆగాలో చూసే కాపలా) దాటాలి. చవక కెమెరా ఒకటి హ్యాక్ అయినా వాడు కెమెరాల గదిలోనే ఇరుక్కుంటాడు, పేషెంట్ డేటాబేస్ దాకా రాలేడు. వీల్యాన్ నేర్చుకునేటప్పుడు ట్రంక్ పోర్ట్, యాక్సెస్ పోర్ట్ అని బట్టీ పడతాం గానీ దాని అవసరం ఇంత పెద్దది.

ప్యాకెట్ ఇప్పుడు సర్వర్ గుమ్మం దాకా వచ్చింది. ఐపీ అడ్రస్ అపార్ట్‌మెంట్ అడ్రస్ అయితే పోర్ట్ నంబర్ ఫ్లాట్ నంబర్, వెబ్‌సైట్‌కి 80, 443, ఎస్ఎస్‌హెచ్‌కి (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) 22, రిమోట్ డెస్క్‌టాప్‌కి 3389. ఇక్కడ రెండు ఎర్రర్లు వస్తాయి, కొత్తవాళ్లు రెండింటినీ ఒకేలా చూస్తారు, నాకైతే మొత్తం ట్రబుల్‌షూటింగ్‌లో ఇంతకంటే విలువైన తేడా ఇంకోటి లేదు. ఒకటి కనెక్షన్ రెఫ్యూజ్డ్, ఇంకోటి కనెక్షన్ టైమ్డ్ అవుట్. రెఫ్యూజ్డ్ అని వెంటనే వచ్చిందంటే చాలావరకు మీ ప్యాకెట్ సర్వర్‌ని చేరింది, సర్వర్ బతికే ఉంది, ఆ పోర్ట్ మీద వినేవాళ్లు ఎవరూ లేరని అక్కడ్నుంచే జవాబు వచ్చింది. అంటే నెట్‌వర్క్ బానే ఉంది, సర్వర్‌లోకి వెళ్లి సర్వీస్ చూడండి. టైమ్డ్ అవుట్ అంటే అసలు జవాబే లేదు, చాలావరకు మధ్యలో ఫైర్‌వాల్ ప్యాకెట్‌ని చప్పుడు కాకుండా పారేసింది, లేదా రూట్ లేదు, లేదా మెషీనే ఆగిపోయింది. మొదటిదానికి నెట్‌వర్క్ టీమ్‌ని లేపడం, రెండోదానికి అప్లికేషన్ రీస్టార్ట్ చేయడం, రెండూ టైమ్ వేస్టే.

రెఫ్యూజ్డ్ వచ్చింది అనుకోండి. సర్వర్‌లోకి లాగిన్ అయి ఎస్ఎస్ అనే కమాండ్‌కి మైనస్ టీఎల్ఎన్‌పీ తగిలించి కొడితే ఏ పోర్ట్ మీద ఏ ప్రోగ్రామ్ వింటోందో వరసగా చూపిస్తుంది. ఉదాహరణకి మీ అప్లికేషన్ 8080 మీద వింటోంది, కనిపిస్తోంది కూడా, మరి బయట్నుంచి ఎందుకు రావట్లేదు? పోర్ట్ నంబర్ ముందు ఏముందో చూడండి. 127.0.0.1 అని ఉంటే ఆ ప్రోగ్రామ్ అదే మెషీన్ లోపలివాళ్ల మాట మాత్రమే వింటుంది, 0.0.0.0 అని ఉంటే అన్ని ఐపీల మీదా వింటుంది. సర్వర్ లోపల టెస్ట్ చేస్తే పనిచేస్తుంది, బయట్నుంచి పనిచేయదు, దీని మీద గంటలు గంటలు పోగొట్టుకున్న డెవలపర్లు ఎంతమందో. అలాగని అన్నీ 0.0.0.0 పెట్టేయొద్దు, డేటాబేస్ లాంటివి అదే మెషీన్‌లో అప్లికేషన్ ఒక్కటే వాడుతుంటే 127.0.0.1 మీద ఉండటమే సరైన పద్ధతి.

ఫైర్‌వాల్ గురించి ఒక జాగ్రత్త. లైనక్స్ రకమైన ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఆన్ చేయగానే బయట్నుంచి వచ్చేవన్నీ మూసేస్తుంది, కాబట్టి ముందు 22కి పర్మిషన్ ఇచ్చి తర్వాతే ఆన్ చేయాలి, లేకపోతే ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న సర్వర్‌లోకి మళ్లీ లాగిన్ అవ్వలేరు. ఉన్న విండో మూసేయకుండా రెండో విండోలో లాగిన్ అయి చూసుకుని అప్పుడు మొదటిది మూయడం అలవాటు చేసుకోండి. మనం వెళ్లే దారినే మనం కోసేసుకోవడం పెద్ద కంపెనీలకీ జరుగుతుంది, 2021 అక్టోబర్ 4న మన టైమ్‌లో రాత్రి 9 దాటాక ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టా మూడూ ఆరు గంటల పాటు పోయాయి గుర్తుందా? మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్లని కలిపే బ్యాక్‌బోన్ మొత్తాన్ని తెంచేసింది, ఇలాంటి కమాండ్‌ని ఆపాల్సిన టూల్‌లో బగ్ ఉండి అది ఆపలేదు. డేటా సెంటర్లతో మాట కలవకపోయేసరికి వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు "మా దగ్గరికి రావొద్దు" అన్నట్టు బీజీపీలోంచి (నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) తమ రూట్లని వెనక్కి తీసేసుకున్నాయి, దాంతో ప్రపంచానికి ఫేస్‌బుక్ అనే పేరుకి నంబర్ చెప్పేవాళ్లే లేకుండా పోయారు. సరిచేసే టూల్స్ కూడా అదే నెట్‌వర్క్ మీద ఉండటంతో ఇంజనీర్లు డేటా సెంటర్‌కి స్వయంగా వెళ్లి చేయాల్సి వచ్చింది. అందుకే సర్వర్ గదికి వేరే ఇంటర్నెట్ లైన్‌తో వేరే లాగిన్ దారి ఒకటి ఉంచుకోవాలంటారు.

ఇప్పుడు సర్వర్ లోపలికి వెళ్దాం. సర్వర్ అంటే ప్రత్యేకమైన పెద్ద పెట్టె అని చాలామంది అనుకుంటారు, మీ ల్యాప్‌టాప్ కూడా సర్వర్ అవ్వగలదు. తేడా అంతా దాని మీద ఓఎస్‌ని ఏ పని కోసం సర్దారు అన్నదాంట్లో ఉంది. ఉబుంటు డెస్క్‌టాప్, ఉబుంటు సర్వర్ రెండింటి అడుగున ఉన్నది లైనక్స్ కెర్నెలే (ఓఎస్ గుండెకాయ), సర్వర్‌లో గ్రాఫిక్ స్క్రీన్ ఉండదు, అవసరం లేని ప్యాకేజీలు ఉండవు, ఎంత తక్కువ నడిస్తే అంత తక్కువ మెమరీ, హ్యాకర్లు దూరే హోల్స్ అంత తక్కువ. విండోస్‌లో లైసెన్స్ తేడా కూడా ఉంది, మామూలు విండోస్ 10, 11 మెషీన్‌లో ఫైల్ షేరింగ్ లాంటివాటికి 20 మెషీన్లకి మించి కనెక్ట్ అవ్వకూడదు, ఇరవై ఒకటో మనిషి చేరిన రోజు ఆఫీసులో గొడవ మొదలవుతుంది.

లైనక్స్ పుట్టింది 1991లో, హెల్సింకీ యూనివర్సిటీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే స్టూడెంట్ చేతిలో. అంతకు ముందు 1969 నుంచి బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ కట్టిన యూనిక్స్ పద్ధతే దాని పద్ధతి. ఇప్పుడు వెబ్ సర్వర్లలో ఎక్కువ భాగం దీని మీదే. ఏ డిస్ట్రో (లైనక్స్ రకం) నేర్చుకోవాలి అంటే నా జవాబు, ఉబుంటు ఎల్‌టీఎస్‌తో (ఎక్కువ ఏళ్లు సపోర్ట్ ఉండే వెర్షన్) మొదలుపెట్టి, తర్వాత రెడ్‌హ్యాట్ కుటుంబానికి వెళ్లండి. ఆ కుటుంబంలో ఫ్రీగా వాడుకునే సెంట్ఓఎస్ మీద కొన్నేళ్లు కంపెనీలు సగం బతికాయి, 2020 డిసెంబర్‌లో రెడ్‌హ్యాట్ సెంట్ఓఎస్ 8ని 2021 చివరికల్లా ఆపేస్తామని చెప్పింది, 2029 దాకా ఉంటుందని నమ్మి ఎక్కించినవాళ్లంతా మళ్లీ మారాల్సి వచ్చింది, రాకీ లైనక్స్, ఆల్మా లైనక్స్ అలా పుట్టినవే. సెంట్ఓఎస్ 7కి కూడా 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి, అయినా ఇంకా దాని మీదే నడుస్తున్న సర్వర్లు మీకు తప్పకుండా తగులుతాయి. అందుకే ఓఎస్ ఎంచుకునేటప్పుడు ఫీచర్ల కంటే ముందు చూడాల్సింది సపోర్ట్ ఎప్పటిదాకా అన్న తేదీ.

విండోస్ సర్వర్‌కి ఆఫీసుల్లో ఇప్పటికీ అంత బలం ఎందుకంటే యాక్టివ్ డైరెక్టరీ, విండోస్ 2000తో వచ్చింది. ఐదొందల మంది ఉద్యోగులకి యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డ్‌లు, ఎవరు ఏ ఫోల్డర్ చూడాలి, పెన్‌డ్రైవ్ పనిచేయాలా వద్దా, అన్నీ ఒక్కచోట నుంచి. సర్వర్, నెట్‌వర్క్ వేరు కాదు అని నేను మొదట్లో అన్నదానికి ఇదే గట్టి సాక్ష్యం. కొత్త కంప్యూటర్‌ని డొమైన్‌కి (ఆ ఆఫీసు యాక్టివ్ డైరెక్టరీ గుంపుకి) జాయిన్ చేయబోతే డొమైన్ దొరకలేదు అంటుంది, పింగ్ వెళ్తోంది, కేబుల్ బావుంది, పాస్‌వర్డ్ సరైనదే. చూస్తే ఆ మెషీన్‌లో డీఎన్ఎస్ 8.8.8.8 అని ఉంది. మీ ఆఫీసు లోపలి డొమైన్ పేరు గూగుల్‌కి ఎలా తెలుస్తుంది? డొమైన్ కంట్రోలర్ (యాక్టివ్ డైరెక్టరీ నడిపే సర్వర్) ఐపీని డీఎన్ఎస్‌గా పెడితే వెంటనే జాయిన్ అవుతుంది. అలాగే లాగిన్‌కి వాడే కెర్బరోస్‌లో మెషీన్ గడియారానికి, సర్వర్ గడియారానికి ఐదు నిమిషాలు మించి తేడా వస్తే లోపలికి రానివ్వదు. మదర్‌బోర్డ్ మీద చిన్న బ్యాటరీ అయిపోయి టైమ్ వెనక్కి వెళ్లిన పీసీకి లాగిన్ ఎర్రర్ వస్తే పాస్‌వర్డ్ రీసెట్ చేస్తూ కూర్చోవద్దు, టాస్క్‌బార్‌లో టైమ్ చూడండి.

లైనక్స్‌లో సర్వీసులని నడిపేది చాలావరకు సిస్టమ్‌డీ. సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ అంటే ఇప్పుడు మొదలుపెట్టు అని, ఎనేబుల్ అంటే మెషీన్ మళ్లీ ఆన్ అయినప్పుడల్లా మొదలుపెట్టు అని. స్టార్ట్ మాత్రమే చేసి వదిలేసిన సర్వీస్ ఆరు నెలలు హాయిగా నడుస్తుంది, ఒక ఆదివారం రాత్రి పవర్ పోయి వస్తుంది, సోమవారం పొద్దున అది లేదు, పెట్టినవాడు కంపెనీ మారిపోయి ఉంటాడు. ఏం జరిగిందో తెలియాలంటే జర్నల్‌సీటీఎల్‌లో లాగ్స్ (జరిగినవన్నీ రాసుకున్న రికార్డు) చదవండి, చివరి పది లైన్లు కాదు, మొట్టమొదటి ఎర్రర్ ఎక్కడుందో అక్కడ్నుంచి.

రిజల్ట్స్ రోజు 502 వచ్చిన అబ్బాయి దగ్గరికి వద్దాం. పెద్ద సైట్లలో ముందు ఎన్‌జిన్ఎక్స్ లాంటి వెబ్ సర్వర్ ఉంటుంది, 2004లో ఇగోర్ సిసోయెవ్ బయటికి వదిలింది, ఒకేసారి వేల కనెక్షన్లు పట్టుకోవడానికే పుట్టింది. దాని వెనక అప్లికేషన్, దాని వెనక డేటాబేస్. 502 అంటే ముందున్నవాడు బతికే ఉన్నాడు, వెనకున్నవాడు పడిపోయాడు లేదా పిచ్చి జవాబు ఇచ్చాడు. 504 అంటే వెనకున్నవాడు టైమ్‌కి జవాబు ఇవ్వలేదు, చాలాసార్లు డేటాబేస్ దగ్గర క్యూ. 503 అంటే ఇంక తీసుకోలేను అని సర్వరే చెప్తోంది. మూడూ మూడు వేరే చోట్ల చూడమని చెప్పే గుర్తులు. ఇంతకీ రిజల్ట్స్ లాంటి దానికి ప్రతి హాల్‌టికెట్‌కీ ప్రతిసారీ డేటాబేస్‌ని అడగాల్సిన పనే లేదు, రిలీజ్ అయ్యాక ఆ మార్కులు మారవు కాబట్టి ముందే తయారుచేసి క్యాష్‌లో (వెంటనే ఇచ్చేలా దాచే చోటు) పెట్టేసి ఇవ్వొచ్చు, ఒకే సైట్ మీద పడకుండా పంచొచ్చు కూడా. 2025లో ఏపీ ఇంటర్ రిజల్ట్స్ ఏపీ ప్రభుత్వ వాట్సాప్ సర్వీస్ మన మిత్రలో కూడా ఇచ్చారు, జనాన్ని పంచేసే పద్ధతుల్లో అదొకటి.

ఇంకో పాత శత్రువు డిస్క్ ఫుల్. లాగ్ ఫైల్ పెరిగి పెరిగి డిస్క్ నిండుతుంది, డేటాబేస్ రాయలేక ఆగిపోతుంది. డిస్క్ ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే నూరు శాతం అంటుంది, సరే అని ఒక 40 జీబీ లాగ్ డిలీట్ చేస్తారు, మళ్లీ డీఎఫ్ కొడితే ఇంకా నూరు శాతమే! ఫోల్డర్‌లో ఫైల్ లేదు, డిస్క్‌లో మాత్రం చోటు రాలేదు. కారణం, ఆ లాగ్ రాస్తున్న ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ని ఇంకా తెరిచే ఉంచింది, లైనక్స్‌లో డిలీట్ చేస్తే పేరు పోతుంది, తెరిచి పట్టుకున్నవాడు వదిలేదాకా చోటు ఖాళీ అవ్వదు. ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌తో డిలీటెడ్ అని ఉన్న లైన్లు వెతికితే ఎవరు పట్టుకున్నారో దొరుకుతుంది, ఆ సర్వీస్ ఒక్కటి రీస్టార్ట్ చేస్తే చోటు వచ్చేస్తుంది. అసలు ఇక్కడిదాకా రాకుండా పాత లాగ్‌లని తీసేస్తూ ఉండే లాగ్‌రొటేట్ పెట్టుకోవాలి.

అప్‌డేట్లు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక ప్యాచ్ ఇచ్చింది, ఫైల్ షేరింగ్‌కి వాడే ఎస్ఎంబీలో హోల్ మూయడానికి. మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ అదే హోల్ పట్టుకుని 445 పోర్ట్ మీద ఒక మెషీన్ నుంచి పక్క మెషీన్‌కి పాకుతూ ప్రపంచం మొత్తం తిరిగింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మధ్యలో దాదాపు రెండు నెలలు ఉంది. అలాగని వచ్చిందల్లా వచ్చిన నిమిషానికి అన్ని మెషీన్లకీ ఎక్కించడం కూడా సరికాదని 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ చూపించింది, 85 లక్షల విండోస్ మెషీన్లు బ్లూ స్క్రీన్‌తో ఆగిపోయి మన ఎయిర్‌పోర్టుల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. కాబట్టి ముందు రెండు మూడు ముఖ్యం కాని మెషీన్లు, ఒకటి రెండు రోజులు చూసి మిగతావి, కానీ సెక్యూరిటీ ప్యాచ్‌ని నెలలు నెలలు నాన్చొద్దు.

బ్యాకప్ గురించి గిట్‌ల్యాబ్ (కోడ్ దాచుకునే సర్వీస్) కథ ప్రతి అడ్మిన్‌కీ తెలియాలి. 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజనీర్ సెకండరీ డేటాబేస్ అనుకుని ప్రైమరీ డేటాబేస్ ఫోల్డర్ డిలీట్ కొట్టాడు, రెండు విండోలు తెరిచి ఉంటే ఎవరికైనా జరిగేదే. తర్వాత బయటపడింది అసలు సంగతి, వాళ్లకి ఐదు రకాల బ్యాకప్ పద్ధతులు ఉన్నాయి, ఒక్కటీ సరిగ్గా లేదు. రోజూ తీయాల్సిన డంప్ (డేటాబేస్ మొత్తం కాపీ), టూల్ వెర్షన్ తేడా వల్ల ఫెయిల్ అవుతోంది, ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్లని మెయిల్ సర్వర్ రిజెక్ట్ చేస్తోంది, కాబట్టి ఎవరికీ తెలియలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు ఎవరో టెస్టింగ్ కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికింది, ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. వాళ్లు ఇదంతా దాచుకోకుండా పబ్లిక్‌గా రాశారు, దానికి వాళ్లని నేను చాలా గౌరవిస్తాను. బ్యాకప్ ఉందా అని కాదు, చివరిసారి రీస్టోర్ చేసి చూసింది ఎప్పుడు అని అడగాలి.

"ఇప్పుడంతా క్లౌడే కదా, ఇవన్నీ ఎందుకు" అని అడిగేవాళ్లకి, అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ మొదలుపెట్టింది, అందులో మీరు ఒక సర్వర్ తీసుకోండి, ఆ స్క్రీన్‌లోనే ఏ వీపీసీ (క్లౌడ్‌లో మీ సొంత ప్రైవేట్ నెట్‌వర్క్) అని అడుగుతుంది, సబ్‌నెట్ ఏది అని అడుగుతుంది, సెక్యూరిటీ గ్రూప్‌లో (క్లౌడ్‌లోని ఫైర్‌వాల్) ఏ పోర్టులు తెరవాలి అని అడుగుతుంది. సెక్యూరిటీ గ్రూప్‌లో పోర్ట్ తెరవకపోతే వచ్చేది టైమ్డ్ అవుట్, పోర్ట్ తెరిచి సర్వీస్ స్టార్ట్ చేయకపోతే వచ్చేది రెఫ్యూజ్డ్. కేబుల్ కనిపించదు, అంతే తేడా.

నేర్చుకోవడానికి డబ్బు పెట్టాల్సిన పని లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (ఒకే మెషీన్ లోపల ఇంకొన్ని మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించి, రెండు ఉబుంటు సర్వర్లు పెట్టి, ఒకదాంట్లో ఎన్‌జిన్ఎక్స్, రెండోదాంట్లో డేటాబేస్ నడిపించండి. స్విచ్‌లు, వీల్యాన్‌ల కోసం సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఫ్రీగానే దొరుకుతుంది. పనిచేసేలా పెట్టాక అక్కడితో ఆగకుండా ఒక్కొక్కటిగా పాడుచేయండి. గేట్‌వే తప్పు పెట్టి ఏం ఎర్రర్ వస్తుందో పుస్తకంలో రాసుకోండి, డీఎన్ఎస్ తప్పు పెట్టి రాసుకోండి, సర్వీస్ ఆపి ఒకసారి, ఫైర్‌వాల్ మూసి ఒకసారి కర్ల్ (పేజీ తెప్పించే కమాండ్) కొట్టి రెండు జవాబుల తేడా చూడండి, డిస్క్‌ని కావాలనే పెద్ద ఫైల్‌తో నింపి డేటాబేస్ లాగ్‌లో ఏం రాస్తుందో చదవండి, చివరగా డేటాబేస్ బ్యాకప్ తీసి ఆ మెషీన్‌నే డిలీట్ చేసి కొత్త మెషీన్‌లో రీస్టోర్ చేయండి, ఎంత టైమ్ పట్టిందో అది కూడా అదే పుస్తకంలో రాసుకోండి.